తెల్ల గీత డబ్బా

జూన్ 10, మంగళవారం

మే ఇరవై రెండు, గురువారం ఉదయం ఏం జరిగిందో వరసగా రాసుకుంటాను. మామూలు ఉదయమే. మామూలు ఉదయాలే ముందు మరపున పడతాయి.

నాలుగున్నరకు లేచాను. కీర్తన చదివి మోకరించాను. లాంతరు పట్టుకుని పీతల తొట్ల దగ్గరికి వెళ్ళాను. గుల్ల విడిచినవి పదకొండు. మెత్తగా, తడి గుడ్డలా ఉన్నాయి. మెత్తటివాటికే ధర కాబట్టి అవి మళ్ళీ గట్టిపడకముందే తీసి, తడి నాచు పరిచిన పెట్టెలో కళ్ళు పైకి ఉండేలా వరసగా సర్దాను. తెల్లవారేసరికి పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, మా ముంగిట్లో ఉన్న నాన్న సమాధి రాయి కూడా కనబడలేదు.

డెన్‌వుడ్ వచ్చి మూడు పెట్రోలు డబ్బాలు గుమ్మం పక్కన పెట్టాడు. నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా తమ్ముడు తమ్ముడే. బూట్ల బురదతో లోపలికి వస్తే నేను తిడతానని బయటే నిలబడి రొట్టె తిన్నాడు. మా చెల్లెలు రోజెల్ కూతురు కెండ్రా అప్పటికే పడవలో కూర్చుని వాడి కోసం ఈల వేస్తోంది. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. ఈ వేసవంతా మేనమామతో పీతల బోన్లు తియ్యడానికి వెళ్తోంది. మా దీవి రేవులో పెట్రోలు పంపు ఏప్రిల్ నుంచి మరమ్మతులో ఉంది. అవతలి ఒడ్డున ఊరికి ఎవరు వెళ్తే వాళ్ళు పెట్రోలు తేవాలి. ఆ రోజు నాకు కంటి డాక్టరు దగ్గర పని ఉంది కాబట్టి నా వంతు.

మూడు డబ్బాల మెడ మీదా తెల్ల గీత ఉంది. గీత ఉన్న డబ్బాలో మొక్కజొన్న సారా, అంటే ఇథనాల్, కలపని పెట్రోలే పొయ్యాలి, అది పడవ మోటారుకి. గీత లేనివి గడ్డి మిషనుకి, రోడ్డు మీద తిరిగే చిన్న బండికి. నాన్న రోజుల నుంచీ దీవిలో అందరూ ఇలాగే చేస్తారు. గీత ఉంటే ఎవరూ మూత తీసి చూడరు. చూస్తే, తెచ్చినవాళ్ళని అనుమానించినట్టు.

ఏడింటికి టపా పడవ. నలభై నిమిషాల ప్రయాణం. టపా పడవ సరంగు తన ట్రక్కు తాళాలు ఇచ్చాడు, ఎప్పుడూ ఇచ్చేలాగే. డాక్టరు కళ్ళలో మందు చుక్కలు వేసి, చూపు మసకగా ఉంటుంది కాస్త కూర్చోమన్నాడు. తరవాత పెట్రోలు. సారా కలపనిది దొరికేది అక్కడి పడవల రేవులోనే. అది ఊరికి ఆ చివర. పన్నెండున్నరకి తిరుగు పడవ. టైము లేదు. రోడ్డు పక్కన కార్ల బంకులోనే నింపాను. మందు వల్ల అక్షరాలు అలికేసినట్టున్నాయి, పెట్రోలు రకం చెప్పే అంకెలు మాత్రం కనబడ్డాయి. తొంభైమూడు అని ఉన్నది నొక్కాను. రేవులో పోసేది తొంభై. తొంభై కన్నా తొంభైమూడు మంచిదే అయుండాలి. ఖరీదు కూడా ఎక్కువే. ఖరీదైనదే తెచ్చాను.

అంతే జరిగింది.

నిన్న మధ్యాహ్నం వాయవ్యం నుంచి గాలివాన కమ్ముకొచ్చింది. అప్పటికి డెన్‌వుడ్, కెండ్రా ఇసుక తిన్నెకి అవతల ఉన్నారు. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయిందట. లంగరు పట్టలేదు. గాలి పడవని తీసుకెళ్ళి పాత రాళ్ళ కట్టకేసి కొట్టింది. కెండ్రా నీళ్ళలో పడింది. డెన్‌వుడ్ దూకి పట్టుకున్నాడు. వెనక వస్తున్న పడవవాళ్ళు ఇద్దరినీ లాగారు. పిల్లకి కుడి మణికట్టు విరిగింది. ప్రాణాలు దక్కాయి. స్తోత్రం.

మూడు డబ్బాల్లో రెండు ఆ పడవ ట్యాంకులోకి వెళ్ళాయి. మూడోది నా కొట్టంలో ఉంది.

జూన్ 11, బుధవారం

రోజెల్ కూతుర్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చింది. చేతికి మోచేతిదాకా కట్టు. పిల్ల నవ్వుతూనే ఉంది, వాళ్ళమ్మ నవ్వడం లేదు.

వంటింట్లోకి నన్ను పిలిచి తలుపు వేసింది. మొన్న రేవులో డెన్‌వుడ్ చేతులు పట్టుకున్నప్పుడు వాసన వచ్చిందట. నాలుగేళ్ళ కిందటి వాసన, వాడు తాగుడు మానకముందు నాటిది.

"సారా కంపు అక్కా. వాడి చేతుల్నిండా. నాకు తెలీదా ఆ వాసన?"

కెండ్రా గదిలోంచి అరిచింది, మామయ్య తాగలేదని, మోటారు ఆగితే గొట్టం ఊడదీసి అడుగు పెట్రోలు చేతుల మీదే ఒంపుకున్నాడని. రోజెల్ వినలేదు. పిల్ల మామయ్యని వెనకేసుకొస్తోంది అంది. అమ్మ కూడా అలాగే వెనకేసుకొచ్చేది అంది. నువ్వూ అంతే అంది.

నాన్న పడవని మా ముగ్గురి పేరా రాశాడు. ఏ ఇద్దరు ఒక మాట మీద ఉంటే అదే జరగాలని. రోజెల్ తన మాట తేల్చేసింది: పడవ అమ్మెయ్యాలి. ఒడ్డు నుంచి ఎవరో కొనడానికి సిద్ధంగా ఉన్నారట. పై శుక్రవారం, ఇరవయ్యో తారీఖు సాయంత్రం మీ ఇంట్లో కూర్చుందాం అంది.

పడవ పోతే డెన్‌వుడ్‌కి ఈ దీవిలో పొద్దున లేవడానికి ఇంకేమీ లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, రోజెల్‌కీ తెలుసు.

చేతులెత్తి తేల్చుకునేటప్పుడు వాడిది ఒక చెయ్యి, రోజెల్‌ది ఒక చెయ్యి. మూడోది నాది.

జూన్ 12, గురువారం

నేను అబద్ధం ఆడలేదు. నన్నెవరూ అడగలేదు.

జూన్ 13, శుక్రవారం

సెవర్న్ కబురు పంపాడు. ఆయనకి డెబ్బై మూడేళ్ళు. దీవిలో మోటార్లన్నీ ఆయన చేతి మీదుగానే బతుకుతాయి. మా పడవని ఆయన షెడ్డు ముందు మొద్దుల మీదకి ఎక్కించారు. పక్క పగిలింది గాని అతుకు పడుతుందట. లోపలికి రమ్మన్నాడు.

కిటికీ గట్టు మీద ఊరగాయ పెట్టుకునే గాజు సీసా. ట్యాంకు అడుగు నుంచి తీసి అందులో పోసి పొద్దుటి నుంచి కదపకుండా ఉంచాడట. సీసాలో రెండు పొరలు. పైన లేత పసుపు. కింద మూడు వేళ్ళ మందాన తెల్లగా, బియ్యం కడిగిన నీళ్ళలా. మధ్యలో సన్నని గీత.

ఓపిగ్గా చెప్పాడు. పాత ట్యాంకుల అడుగున చెంచాడు నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. మంచి పెట్రోలు వాటి పైన తేలుతుంది, నీళ్ళని వడపోత ఆపేస్తుంది, గొడవ లేదు. సారా కలిపినది అలా కాదు, ఆ నీళ్ళని పీల్చుకుంటుంది. తేమనీ పీల్చుకుంటుంది. ఇక పట్టనప్పుడు సారా, నీళ్ళు రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. మోటారు పీల్చేది అడుగు నుంచే. వడపోత కొత్తదే, డెన్‌వుడ్ పోయిన నెలే మార్చాడు, స్పార్కు ప్లగ్గులు అద్దంలా ఉన్నాయి అన్నాడు. వాడి తప్పేమీ లేదు అన్నాడు.

పై పొర పారబోసి, కిందిది నా ముక్కు దగ్గర పెట్టాడు. వాసన చూడమన్నాడు.

చూశాను. సారా వాసనే.

"మీ తమ్ముడు తాగలేదు ఆర్వెల్లా," అన్నాడు. "మోటారు తాగింది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను. ఒక్క క్షణం నిజంగా తేలికపడ్డాను. వాడు తాగలేదు. ఇది రోజెల్‌కి చెబితే చాలు.

అప్పుడు అడిగాడు, ఈ పెట్రోలు ఎక్కడిదని.

ఒడ్డు నుంచి వచ్చింది అన్నాను.

"దీవిలో చెట్లకి కాయదని నాకూ తెలుసులే. తెచ్చిందెవరని."

పెట్రోలు సంగతి డెన్‌వుడ్‌నే అడగండి అన్నాను.

జూన్ 14, శనివారం

డెన్‌వుడ్‌నే అడగండి అనడం అబద్ధం కాదు. పడవ నడిపేది వాడు. ట్యాంకులో పోసింది వాడు.

పొద్దున ప్రార్థనలో మనసు నిలవలేదు. మధ్యాహ్నం గడ్డి కోశాను. ముంగిట్లో నాన్న, అమ్మ సమాధుల చుట్టూ, కంచె దాకా. జూన్‌లో గడ్డి త్వరగా పెరుగుతుంది.

సాయంత్రం రోజెల్ వచ్చింది. సెవర్న్ ఆమెకి సీసా చూపించాడు. డెన్‌వుడ్‌నీ అడిగాడు. ఆ పెట్రోలు తానే తెచ్చానని, రోడ్డు పక్క బంకులో నింపానని డెన్‌వుడ్ చెప్పాడట.

రోజెల్ మొహం మొన్నటి కన్నా గట్టిగా ఉంది. తాగాడంటే జబ్బు అనుకునేదాన్ని, ఇదేమిటి అంది. రేవు దాకా పోవడానికి ఒళ్ళు బద్ధకించి, తెల్ల గీత డబ్బాలో ఆ నీళ్ళు నింపుకొచ్చి, అందులో నా పిల్లని ఎక్కించాడు అంది. నాన్న గీసిన గీతకి కూడా విలువ లేదు వాడికి అంది.

నేను టీ పెట్టాను. రెండుసార్లు చక్కెర వేశానట.

జూన్ 15, ఆదివారం

ఉదయం సాక్ష్యాల కూటం. తొమ్మిదేళ్ళుగా కూటం పెద్దని నేనే. వరసగా ఒక్కొక్కరి పేరు పిలుస్తాను, వాళ్ళు లేచి ఆ వారం ప్రభువుతో ఎలా నడిచారో చెబుతారు. నేను విని ఒక మాట అంటాను. పక్కింటావిడ కోడలితో మాట తూలానని చెప్పి ఏడ్చింది. దాచుకున్న తప్పు దవడలో ముల్లులాంటిది, తీసేస్తేనే తిండి లోపలికి పోతుంది అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో.

డెన్‌వుడ్ రాలేదు. నాలుగేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు వాడు. లేచి నిలబడి, "ఈ వారం కూడా గడిచింది," అని కూర్చునేవాడు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు. వాడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగాను. తరవాతి పేరు పిలిచాను.

నా సాక్ష్యం చివర. దేవుడు మా కుటుంబాన్ని కాపాడాడు అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

జూన్ 16, సోమవారం

గడ్డి కోశాను. మాది, చర్చిది. చర్చి వెనక ఎవరూ నడవని వైపు కూడా.

ఆ మూడో డబ్బాలో ఇంకా సగం పైనే ఉంది.

జూన్ 17, మంగళవారం

రోజెల్ ముంగిట్లో కోశాను. తన ఇంటి గడ్డి మొన్ననే కోసుకుందట. కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

అక్కడి నుంచి డెన్‌వుడ్ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మీద గుంజల పాకలో బోన్ల తీగలు అల్లుతున్నాడు. పడవ లేదు, అయినా బోన్లు బాగుచేస్తున్నాడు. గడ్డం పెరిగింది. నాకు కూర్చోడానికి తొట్టి బోర్లించి పెట్టాడు. కాసేపు పీతల ధరలు, గాలి సంగతులు. చేతులు మాత్రం ఆపలేదు.

"గడ్డి బాగా పెరుగుతోందా అక్కా?" అన్నాడు.

"జూన్ కదా."

"నాలుగు రోజుల్లో మూడు మాట్లు మిషను వినబడింది. అమ్మానాన్నలకి పాపం నిద్రయినా పడుతోందా?"

పాక కింద నీళ్ళు గుంజల్ని తడుముతూ పోతున్నాయి.

వాడికి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. డబ్బాలు పడవ దాకా మోసింది నేనే కదా, నా చేతుల్లోంచి అందుకున్నది వాడే కదా. వాడికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఈ వారం రోజులూ ఆ సంగతే నాకు తట్టలేదంటే నేనే నమ్మలేకపోతున్నాను.

సెవర్న్‌కి అలా ఎందుకు చెప్పావని అడిగాను.

"నువ్వేగా ఆయన్ని నా దగ్గరికి పంపింది. నన్ను చెప్పమనే కదా పంపావు?"

కాదు అనలేకపోయాను.

పదేళ్ళు నా చెత్తంతా నువ్వు మోశావు, నేను ఒక్కటి మోస్తే అరిగిపోతానా అన్నాడు. నీ తప్పులు మొయ్యడం వేరు, నువ్వు చెయ్యని తప్పు నీ మీద వెయ్యడం వేరు అన్నాను. నువ్వు కూటం పెద్దవి, నీ మాట మీద దీవి నడుస్తుంది అన్నాడు.

"నా మాట మీద ఏం నడుస్తుందక్కా? పీతలు కూడా నడవవు. అవి పక్కకి పోతాయి."

నవ్వించాలని చూశాడు. పడవ పోతుందిరా అన్నాను. తీగ మెలిపెడుతూ తల ఊపాడు. ఒడ్డున రొయ్యల గిడ్డంగిలో పని ఉందట. ఆ వీధి నాకు తెలుసు. గిడ్డంగికి అటు ఒకటి, ఇటు ఒకటి సారా దుకాణాలు.

శుక్రవారం నువ్వేం చెప్పకు అన్నాడు. సరే అన్నాను. అంత త్వరగా సరే ఎందుకన్నానో.

జూన్ 18, బుధవారం

మళ్ళీ మే ఇరవై రెండు.

పదో తారీఖున రాసింది ఇవాళ చదివాను. చూపు మసకగా ఉండి అక్షరాలు కనబడలేదని రాశాను. ట్రక్కు నేనే నడిపానని కూడా అర్థమయ్యేలా రాశాను. కళ్ళు కనబడని మనిషి ట్రక్కు ఎలా నడిపింది?

వరసగా రాయాలి.

డాక్టరు దగ్గర నుంచి పదిన్నరకి బయటపడ్డాను. చూపు అప్పటికే తేటపడుతోంది. రేవు ట్రక్కులో అయిదు నిమిషాలు. టైము రెండు గంటలు ఉంది. వీధి మూల ఫలహారశాలలో కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంది. లోపలికి వెళ్ళాను. పీచ్ పండ్ల తీపి రొట్టె ముక్క తెప్పించుకున్నాను. రెండోది కూడా. ఆ ఊళ్ళో నన్ను అక్కా అనేవాళ్ళు లేరు. ప్రార్థన చెయ్యమని అడిగేవాళ్ళు లేరు. తొట్లు చూడక్కరలేదు. ఎవరి మొహం చూసి ఏముందో పోల్చుకోనక్కరలేదు. పన్నెండు దాకా అక్కడే కూర్చున్నాను. లేవబుద్ధి కాలేదు.

లేచేసరికి రేవు దాకా పోతే పడవ తప్పుతుందేమోనని భయం. బంకు ఎదురుగానే ఉంది. పంపు మీద అంకెల కింద పసుపు కాగితం అంటించి ఉంది. ఇథనాల్ నూటికి పది పాళ్ళ దాకా ఉండవచ్చు అని. చదివాను. మూడు బొత్తాలకీ అదే కాగితం. తొంభైమూడుకీ అదే. చదివి తొంభైమూడు నొక్కాను. ఎక్కువ ఖరీదుది తీసుకుంటే తప్పు సగం తగ్గుతుందని అనిపించింది.

ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. ఈ మాట డెన్‌వుడ్ నోట ఎన్నిసార్లు విన్నానో. విని ఎన్నిసార్లు మోకాళ్ళ మీద పడి ఏడ్చానో.

జూన్ 19, గురువారం

డబ్బా ఖాళీ అయింది. దీవిలో కొయ్యడానికి ఇంక గడ్డి లేదు.

అన్నం మానలేదు. నిద్రా మానలేదు. ప్రభువా, నేను అడిగేది నీకు తెలుసు. రేపు నువ్వు నా నోరు తెరవకపోతే బావుండునని అడుగుతున్నాను. అదే అడుగుతున్నాను, దాచను.

జూన్ 20, శుక్రవారం

సాయంత్రం ఆరింటికి వచ్చారు. డెన్‌వుడ్ గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. బూట్లు గుమ్మం బయట విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. రోజెల్, కెండ్రా బల్లకి అటు వైపు. పీత కూరిన రొట్టెలు చేశాను. ఎవరూ ముట్టలేదు, కెండ్రా తప్ప. ఎడమ చేత్తో తినడం నేర్చుకుంటోంది. చిందుతోంది.

ప్రార్థనతో మొదలుపెట్టమంది రోజెల్. నేను చెయ్యలేను, నువ్వు చెయ్యి అన్నాను. నా వైపు వింతగా చూసి రెండు మాటల్లో ముగించింది. తరవాత తాను చెప్పాల్సింది చెప్పింది. గట్టిగా చెప్పలేదు. గట్టిగా చెబితే బావుండేది. తమ్ముడి మీద నాకు పగ లేదు, రాళ్ళ మీద నా కూతురి తల ఎంత దూరంలో ఉందో రోజూ కొలుచుకుంటున్నాను అంది. పడవ అమ్మాలి అంది. చెయ్యి ఎత్తింది.

డెన్‌వుడ్ తల దించుకునే ఉన్నాడు. రోజెల్ చెప్పింది నిజమే అన్నాడు. వాడూ చెయ్యి ఎత్తబోయాడు. సొంత పడవ అమ్మడానికి.

నేను వాడి చెయ్యి పట్టుకుని బల్ల మీదకి దించాను.

"ఆ పెట్రోలు తెచ్చింది నేను," అన్నాను.

పొద్దుటి నుంచీ ఈ ఒక్క మాటే కూడబలుక్కున్నాను. అది అయిపోయాక ఏం చెప్పాలో తెలియలేదు. కెండ్రా రొట్టె కింద పెట్టింది. పిల్ల మనసు మంచిది, వెంటనే నా కోసం ఒక దారి వెతికింది.

"కళ్ళలో మందు వేసిన రోజే కదా పెద్దమ్మా? నీకు కనబడి ఉండదు."

అప్పుడు అవును అంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్ళు. అప్పటికీ నోటి దాకా వచ్చింది.

"కనబడింది," అన్నాను. "చదివే నింపాను. చదివి, నాన్న గీత ఉన్న డబ్బాల్లో నింపి, మీ మామయ్య చేతికిచ్చాను. సెవర్న్ అడిగితే వాడి మీదకి తోశాను."

ఫలహారశాల సంగతి కూడా చెప్పాను. తీపి రొట్టె ముక్కలు రెండు తిన్నానని కూడా.

అరుస్తుందనుకున్న రోజెల్ అరవలేదు. తన రెండు చేతులూ బల్ల మీద బోర్లించి వాటినే చూస్తూ అంది, వాడు తప్పు చేస్తే మనకి ఆశ్చర్యం ఉండదు కాబట్టి వాడే చేశాడనుకున్నాను, నువ్వు చేస్తావని ఎలా అనుకుంటాను అని. తరవాత నా వైపు తిరిగింది.

"పది రోజులు అక్కా. పది రోజులు నేను వాణ్ణి తిడుతుంటే టీ పోశావు నాకు."

అవును, పోశాను అన్నాను.

డెన్‌వుడ్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వద్దన్నాను కదా అక్కా అన్నాడు, అటు తిరిగే. వాడి భుజాలు కదులుతున్నాయి. రోజెల్ లేచి వెళ్ళి వాడి పక్కన నిలబడింది. ముట్టుకోలేదు. పక్కన నిలబడింది, అంతే.

చీకటి పడేలోపు తేల్చినవి ఇవి.

పడవ అమ్మం. మూడు చేతులూ లేచాయి. సెవర్న్ అతుకు వెయ్యగానే అది డెన్‌వుడ్‌దే. ట్యాంకు పీకేసి కొత్తది పెట్టించాలి.

కెండ్రా ఈ వేసవికి ఇంక పడవ ఎక్కదు. పిల్ల గొడవ పెట్టింది, మామయ్య తప్పు కాదని తేలాక కూడా ఎందుకని. రోజెల్ భయం ఎవరి తప్పో తేలినంత మాత్రాన పోయేది కాదు. డెన్‌వుడ్ వెంటనే ఒప్పుకున్నాడు. అందరి కన్నా ముందు వాడే ఒప్పుకున్నాడు.

పెట్రోలు ఇక నేను తేను. ఒడ్డుకి నేను వెళ్ళినా సరే, డబ్బాలు నాతో పంపరు. ఇది రోజెల్ అడిగింది. న్యాయమే అన్నాను.

ఆదివారం కూటంలో నా పేరు మొదట పిలుచుకుని, ఇవాళ చెప్పినదంతా చెప్పాలి. ఇది నేను అడిగాను. డెన్‌వుడ్ ఒక్కడే వద్దన్నాడు. ఇద్దరి మాట నెగ్గింది.

చివరిది డెన్‌వుడ్ అడిగాడు. నాలుగేళ్ళలో వాడు మమ్మల్ని ఏదీ అడగలేదు. ఇంక మీదట వాడు తాగి పెట్టిన కాఫీ కప్పు ఎవరూ వాసన చూడకూడదు. రోజెల్ మొహం ఎర్రబడింది. ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది, కానీ ఒప్పుకుంది. నేనూ ఒప్పుకున్నాను. వాడు వెళ్ళిపోయాక, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని, ఆ కప్పు వాసన చూసేదాన్ని నేను. నాలుగేళ్ళుగా ప్రతి ఉదయం. అది వాడికి తెలుసని ఇవాళ్టిదాకా నాకు తెలియదు.